రావణుడికి సరిపోయే కిట్టు

దేవుడు మనిషికి రెండు కళ్లు, రెండు కనుబొమలు ఇచ్చి ఊరుకున్నాడు. ఆ పిసినారితనం వ్యాపారికి నచ్చలేదు. అందుకే బిలాస్‌పుర్‌లోని తిఫ్రాలో ఫ్యాన్సీ షాపుకెళ్లి కళ్ల మేకప్‌కి బ్రష్ కావాలంటే ముందు బల్ల మీద పడేది 24 పీసుల కిట్టు. ఇరవై కళ్ల రావణాసురుడే వచ్చి కంటికొకటి చొప్పున పుచ్చుకున్నా ఇంకో నాలుగు మిగులుతాయి. మండోదరికి ఇచ్చుకోవచ్చు.

ఆ కిట్టు ఒకసారి విప్పి చూడండి. నల్ల రెక్సిన్ చుట్ట, గులాబీ రంగు పిడులు, బంగారు పూత పూసిన రేకు గొట్టాలు, గుప్పున జిగురు వాసన. మొదటి వరసలో లావుపాటివి అయిదారు. అవి చెంపలకు, నుదుటికి. కంటి దగ్గరికి తెస్తే కన్నూ ముక్కూ ఒకేసారి రంగులో మునుగుతాయి. విసనకర్ర ఆకారంలో ఒకటి ఉంటుంది. ముఖం మీద రాలిన పొడి దులపడానికట. ఆ ముక్క ప్యాకెట్ మీద రాయరు కాబట్టి చాలా ఇళ్లలో అది దేవుడి పటాల మీది దుమ్ము దులుపుతోంది. పెదాలకో సన్నది. తర్వాత ఒకే అచ్చులోంచి దిగిన నాలుగు కుంచెలు, పిడి మీద అంకెలు మాత్రం వేరు. స్పాంజి ముక్క అతికించిన పుల్ల ఒక పీసు. పెన్సిలు చెక్కుకునే షార్పెనర్ ఒక పీసు. లెక్క ఇంకా తగ్గితే పౌచ్ కూడా ఒక పీసే.

ఇక ఆ అంకెల సంగతి. మ్యాక్ కంపెనీ 217 అంటే ఐ షాడో అంచులు కలిపే గుబురు కుంచె, 239 అంటే రంగు అద్దే చదును కుంచె అని మేకప్ పని చేసేవాళ్లకు కంఠతా వచ్చు. కానీ అవి ఆ కంపెనీ పెట్టుకున్న నంబర్లు. పక్క కంపెనీ నంబర్లతో వాటికి చుట్టరికం లేదు. కిట్టు చేసినవాడికి ఆ బాధ కూడా లేదు. ఒకటి నుంచి మొదలుపెట్టి 24 దాకా వేసుకుంటూ పోయాడు. కొన్నవాళ్లు మాత్రం ఆ అంకెలో ఏదో రహస్యం ఉందని రాత్రంతా వీడియోలు చూస్తారు.

ఇదంతా పనిముట్టు ముఖం ఎరగని జనం మధ్య జరిగితే జాలిపడి వదిలేయొచ్చు. జరుగుతున్నది బిలాస్‌పుర్ రైల్వే తెలుగువాళ్ల మధ్య. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891కల్లా నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా పట్టాలు పరిచింది. ఆ కంపెనీ పట్టుకునే శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు బతుకు వెతుక్కుంటూ ఇటు వచ్చాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఇక్కడే కొలువు తీరింది. 2019లో తిఫ్రా బిలాస్‌పుర్ కార్పొరేషన్‌లో కలిసింది. కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పండక్కి ఊరెళ్లొచ్చే ఈ జనానికి పనిముట్టు గురించి పాఠం చెప్పగల మొనగాడు లేడు. కీమ్యాన్ సుత్తి, స్పానర్, జెండాలు పట్టుకుని ట్రాక్ వెంట నడుస్తాడు. చేతిలో ఉన్న ప్రతిదానికీ ఒక పని ఉంది, పని లేనిది చేతిలో లేదు. పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు అంటే అంతే. కీమ్యాన్‌కి గులాబీ పిడుల సుత్తులు 24 ఇచ్చి, 'సర్దుకో నాయనా' అని ఏ ఇంజనీరూ అనడు.

అలాంటి ఇంట్లోంచి వచ్చిన తండ్రి కూతురి పక్కన షాపులో నిలబడి ఇచ్చే సలహా చూడండి: "ఎక్కువొస్తన్నాయి కదమ్మా, అదే తీసుకో." సుత్తి కొనేటప్పుడు తూచి, మోగించి, పిడి తిప్పి చూసే మనిషి ఈయనే. కంటిపాపకు వెంట్రుక వాసి దూరంలో తిరిగే వస్తువుకి మాత్రం కిలోల లెక్క.

కుంచె కుచ్చు దేనితో చేశారని అడిగిన ఒక అమ్మాయికి తిఫ్రా షాపులో దొరికిన జవాబు ఇది:

"ఒరిజినల్ బాల్ హై, దీదీ."

"కిస్ జాన్వర్ కా, భయ్యా?"

"ఇంపోర్టెడ్ జాన్వర్ కా!"

ఇంపోర్టెడ్ జంతువు! ఏ అడవిలో తిరుగుతుందో, దానికి వీసా ఎవరిచ్చారో భగవంతుడికెరుక. నిజానికి ఇందులో దాచాల్సిన బ్రహ్మవిద్య ఏమీ లేదు. మేక, ఉడుత, గుర్రం, సేబుల్ అనే వీజెల్ కుటుంబపు జంతువు వెంట్రుకలతో మేకప్ కుంచెలు చేస్తారు. జంతువు వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. పొడి ఐ షాడో వాటిని పట్టుకుని నిలుస్తుంది, కంటి రెప్ప మీద సమంగా దిగుతుంది. జెల్ లైనర్, క్రీము లాంటి తడి సరుకుకి సింథటిక్ మేలు. తడి పీల్చుకోదు, తొందరగా కడగొచ్చు, తొందరగా ఆరుతుంది. ఇప్పటి మంచి సింథటిక్ పొడికి కూడా పనికొస్తుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఇంపోర్టెడ్ జంతువు అవసరం లేదు, కొంచెం సిగ్గు చాలు.

సేబుల్ సంగతి సరే, మన ముంగిస గోడు కూడా వినండి. కుంచెల తయారీకి పేరుబడ్డ ఊరు ఉత్తరప్రదేశ్ బిజ్‌నోర్ జిల్లాలోని షేర్‌కోట్. ముంగిస వెంట్రుకతో, ముఖ్యంగా బొమ్మలు వేసేవాళ్ల కోసం, అక్కడా మరికొన్ని చోట్లా దొంగచాటుగా కుంచెలు చేస్తుంటే 2019లో వన్యప్రాణి నేరాల నిఘా సంస్థ 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో దాడులు చేసింది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ముంగిసను చంపడమే కాదు, దాని వెంట్రుకలు అమ్మడం కూడా నేరం. కాబట్టి మీ షాపువాడు గొంతు తగ్గించి 'అసలు నేవలా బాల్' (ముంగిస వెంట్రుక) అని ఊరిస్తే, అతను మీకు అమ్మజూపేది నాణ్యత కాదు, కేసులో వాటా.

అసలు నాణ్యత ఎలా ఉంటుందో తెలియాలంటే జపాన్‌లో హిరోషిమా పక్కన కుమానో అనే ఊరుంది. తరతరాలుగా రాత కుంచెలు చేసి, తర్వాత మేకప్ కుంచెలకూ పేరు తెచ్చుకున్న ఊరు. 2011లో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన తమ జట్టుకి జపాన్ ప్రభుత్వం గౌరవంగా ఇచ్చింది ఆ ఊరి మేకప్ కుంచెలే. వాళ్ల కిటుకు చిన్నది: కుంచె ఆకారం కోసం వెంట్రుక మొనను కత్తిరించరు. సహజమైన మొనలన్నీ పైకి వచ్చేలా పేర్చి, గుత్తిని చేత్తో తీరుస్తారు. మన కిట్టులో కుచ్చు కట్టేశాక కత్తెర ఆడిస్తారు. తెగిన మొన కంటి రెప్ప మీద గుచ్చుకుంటే, 'మేకప్ అలవాటు లేదమ్మా నీకు' అని పార్లర్ ఆవిడ తప్పు కంటి మీదకు నెడుతుంది.

సరే, తిట్టింది చాలు, కొనాల్సినవి ఏమిటంటారా? రంగు అద్దడానికి చదునుగా, పొట్టిగా, దట్టంగా ఉన్నది ఒకటి. అంచులు కలపడానికి గుబురుగా, వదులుగా ఉన్నది ఒకటి. లైనర్‌కీ కనుబొమకీ కలిపి ఏటవాలు కోతతో, పలచగా, బిరుసుగా ఉన్నది ఒకటి. కనుబొమ దువ్వడానికి స్పూలీ ఒకటి. చెదురు వెంట్రుకలకు ప్లక్కర్ ఒకటి. రావణుడు కానివాళ్లకు ఈ అయిదూ బోలెడు. ఇందులో స్పూలీకి డబ్బు కూడా అక్కర్లేదు. అయిపోయిన మీ మస్కారా పుల్లను సబ్బుతో శుభ్రంగా కడిగి ఆరబెడితే అదే స్పూలీ. ఈ మాట ఏ షాపువాడూ చెప్పడు, చెబితే 24వ పీసు ఎగిరిపోతుంది.

ఎంచుకోవడం ఎలాగంటే, కుంచెను ముంజేతి లోపలివైపు రుద్దండి. గుచ్చుకుంటే రెప్పకు పనికిరాదు. కుచ్చును వేళ్లతో మెల్లగా లాగండి. రెండు మూడు సార్లు లాగినా వెంట్రుకలు ఊడుతూనే ఉంటే, రేపు అవి మీ కంట్లో ఉంటాయి. గొట్టం పట్టుకుని పిడి ఊపండి, కదిలితే పక్కన పెట్టండి. ప్లక్కర్ మొనలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. మధ్యలో సందు కనిపిస్తే అది వెంట్రుక పీకదు, చర్మం గిల్లుతుంది. కనుబొమ కుంచె విషయంలో ఇంకాస్త పట్టుదల కావాలి. మొన పలచగా, బిరుసుగా ఉంటే ఒక్కో వెంట్రుకలా గీత పడుతుంది. లావుగా, మెత్తగా ఉంటే అట్టు కట్టి బొగ్గు పూసినట్టుంటుంది. ఆ తర్వాత పెళ్లి ఫొటోలో పెదాలు నవ్వుతుంటాయి, కనుబొమలు మాత్రం పోలీసు కంప్లైంటు ఇస్తుంటాయి.

ఇక్కడ పెద్దావిడలు కొందరు విజయగర్వంతో గొంతు సవరించుకుంటారు: "మా రోజుల్లో ఇవన్నీ ఏటి? ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి, మసికి నెయ్యి కలిపి వేలితో పెట్టేసేవోళ్లం." నిజమే, బాగానే పెట్టేవారు. ఆ వేలే వరసగా ఆరుగురు పిల్లల కళ్లలో తిరిగేది. ఒకడికి కలక వస్తే ఇంటిల్లిపాదికీ వచ్చేది. నేరం దిష్టి మీద వేసి ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో పడేసేవారు. కడగని వేలు కూడా కడగని కుంచే. పాతకాలం కాబట్టి క్రిములు పక్కకు తప్పుకోలేదు.

కానీ ఆవిడ ఆరుగురికి ఉచితంగా చేసింది, పెళ్లిళ్ల సీజన్‌లో కొన్ని పార్లర్లు బిల్లు వేసి చేస్తున్నాయి. గోడ మీద రేటు కార్డు చూడండి: హెచ్‌డీ మేకప్, ఎయిర్‌బ్రష్ మేకప్, సెలబ్రిటీ లుక్. కింద కుర్చీలో పెళ్లికూతురు, వెనక వరసలో చెల్లెలు, వదిన, పిన్ని, పక్కింటి భాభీ. మస్కారా డబ్బా ఒకటే, పుల్ల ఒకటే. ఒక కంట్లోంచి తీసి డబ్బాలో ముంచడం, ఇంకో కంటికి పెట్టడం, మళ్లీ ముంచడం. రంగు బాగా అంటాలని లోపల పంపు కొట్టినట్టు ఆడించడం, దాంతో గాలీ క్రిములూ కలిసి లోపలికి. ఒకసారి వాడి పారేసే పుల్లలు కారుచౌకగా దొరుకుతాయి. తెరిచిన మస్కారా మూడు నెలలు దాటాక పారేయాలని కంటి డాక్టర్లు మొత్తుకుంటారు. అయినా సెలబ్రిటీ లుక్ అనేదానికి ఓ తీరుంది కదా, మర్నాడు పెళ్లివారంతా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరుగుతారు.

కుంచె కడగడం కూడా రాకెట్ శాస్త్రం కాదు. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల బేబీ షాంపూ. కుచ్చు కిందికి ఉంచి కడగాలి, ఎందుకంటే నీళ్లు గొట్టంలోకి దిగితే జిగురు కరిగి కుచ్చు ఊడుతుంది. పిండి, పడుకోబెట్టి ఆరనివ్వాలి. ఇంట్లో ఒక్కరే వాడుకుంటే వారానికో, పది రోజులకో ఒకసారి చాలు. పార్లర్‌లో అయితే ముఖం మారిన ప్రతిసారీ. ఇందులో ప్యాకేజీ లేదు, ఆఫర్ లేదు, అందుకే రేటు కార్డులో దీనికి చోటు దొరకలేదు.

ఈ గొడవంతా 'ఆడాళ్ల పిచ్చి' అని పేపరు చాటున నవ్వుకునే మామయ్యలకు ఒక మనవి. ఎన్టీఆర్‌కు మేకప్ చేసిన పీతాంబరం పేరు మీరే గౌరవంగా తలుచుకుంటారు. మగవాడి చేతిలో కుంచె ఉంటే కళ, ఆడదాని చేతిలో ఉంటే పిచ్చి. ఈ న్యాయాన్నే సినిమా మేకప్ సంఘాలు దశాబ్దాల పాటు నిబంధనగా రాసుకున్నాయి: ఆడవాళ్లు జడలు వేయొచ్చు, మేకప్ ఆర్టిస్టు కార్డు మాత్రం అడగకూడదు. ఎందుకంటే ఆ కుంచె చివర జీతం ఉంది. చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి కోర్టుకెక్కితే, 2014 నవంబర్ 10న సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. అంతదాకా పిచ్చి ఎవరిదో మీరే తేల్చండి.

కాబట్టి తల్లులారా, ఈ సీజన్‌లో పార్లర్‌కి అడ్వాన్సు ఇవ్వకముందే ఒక పని చేయండి. ఆవిడ బల్ల మీది కుంచె తీసుకుని తెల్ల టిష్యూ మీద గట్టిగా రుద్దండి. నిన్నటి పెళ్లికూతురి రంగు దిగిందంటే, ప్యాకేజీ పేరు హెచ్‌డీ కానీ, ఎయిర్‌బ్రష్ కానీ, మీకు అంటగట్టేది సెకండ్ హ్యాండ్ ముఖమే. కొత్త సరుకు రేటుకి దాన్ని కొనకండి.