42 మార్కుల సరస్సు

హెచ్చరికలను మన ప్రభుత్వాలు చదవవని కొందరికి అపోహ. శుభ్రంగా చదువుతాయి. చదివి, మార్కులు చూసుకుని, ఫైలు కట్టేస్తాయి.

సిక్కింలో 5,200 మీటర్ల ఎత్తున దక్షిణ లొనాక్ అనే హిమానీనద సరస్సుంది. మన హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని లెక్కలు కట్టి, అది తెగే అవకాశం 42 శాతమని 2013లోనే రాశారు. శాస్త్రవేత్తల భాషలో అది 'చాలా ఎక్కువ'. కానీ మనకు టెన్త్‌లో 35 వస్తే పాసు కదా! పాసైన సరస్సు గురించి ఎవరు దిగులు పడతారు?

ఇంతకీ ఆ సరస్సుకు కట్ట వేసిందెవరంటారా? హిమానీనదమే. కరిగి వెనక్కి తగ్గుతూ అది వదిలేసిన రాళ్ళు, మట్టి, మధ్యమధ్య మంచుగడ్డలు, అంతే కట్ట. టెండరు లేదు, కాంట్రాక్టరు లేడు. రేపు తెగినా నాసిరకం పనంటూ విజిలెన్స్ విచారణ వేయడానికి మనిషి దొరకడు. ఇంతకన్నా సుఖమైన కట్ట ఏ ప్రభుత్వానికి దొరుకుతుంది?

ఏమీ చేయలేదంటే మాత్రం అన్యాయం. 2016లో లద్దాఖ్ ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ బృందంతో కలిసి సిక్కిం అధికారులు మూడు ప్లాస్టిక్ గొట్టాలు అంత ఎత్తుకూ చేర్చి, సైఫన్ పద్ధతిలో నీళ్ళు తోడించారు. చలిలో, గాలి అందని చోట వాళ్ళు పడ్డ కష్టానికి దణ్ణం పెట్టాల్సిందే. మూడూ కలిపి సెకనుకు 150 లీటర్లు. అంటే ఏడాది పొడవునా ఆగకుండా తోడితే 47 లక్షల ఘనపు మీటర్లు. 2023 అక్టోబరు 3 రాత్రి పక్కనున్న మట్టిదిబ్బ విరిగి సరస్సులో పడి, అల లేచి, కట్ట తెగి, ఒక్క దెబ్బకు సుమారు 5 కోట్ల ఘనపు మీటర్లు కిందికి దూకాయి. మన లెక్కలో ఒకటిముప్పావు టీఎంసీలు. గొట్టాలకు పదేళ్ళ పైచిలుకు పట్టే పని.

ముందస్తు హెచ్చరిక ఏర్పాటు కూడా లేకపోలేదు. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే సరస్సు దగ్గర కెమెరా, వాతావరణ పరికరాలు పెట్టారు. కొన్నాళ్ళకే వాటికి కరెంటు పోయింది. మోగి అందర్నీ లేపాల్సిన యంత్రాంగమేమో తర్వాతి విడత పని. వరద విడతల వారీగా రాలేదు.

అర్ధరాత్రికి నీళ్ళు చుంగ్‌థాంగ్ చేరాయి. అక్కడే 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్ట. 60 మీటర్ల ఎత్తు, 2017లో కరెంటు మొదలు. నిమిషాల్లో కొట్టుకుపోయింది. దానిలోని నీళ్ళు కూడా వరదలో కలిశాయి. కింద సింగ్‌తామ్, రంగ్‌పో ఇళ్ళలో జనం నిద్రలో ఉన్నారు. చనిపోయినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు కలిసి వంద దాటారు. వాళ్ళలో సైనికులూ ఉన్నారు.

తెల్లారాక మన శాస్త్రవేత్తలు మళ్ళీ ఉపగ్రహ చిత్రాలు ముందేసుకున్నారు. సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్న సరస్సు 60 హెక్టార్లకు తగ్గిందని తేల్చారు. కొలవడంలో మనల్ని కొట్టేవాడు లేడు. రోగి బతికున్నంత కాలం జ్వరం చూశాం, పోయాక కూడా చూశాం.

2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ అదే చోట ఆనకట్ట మళ్ళీ కట్టుకోవచ్చంది. పాతది రాళ్ళు పేర్చింది కాబట్టి పోయిందట, ఈసారి కాంక్రీటు. ఎత్తు 118.64 మీటర్లు. దాదాపు రెట్టింపు. ఆ 64 సెంటీమీటర్లు ఎందుకా అని తెగ ఆలోచించాను. వరద 118 దగ్గర ఆగనని మొండికేస్తే, బేరమాడుకోవడానికి కాబోలు.