ఈటె పద్యానికి టీకా తాత్పర్యము

ఈటె గుర్రమునకు నెదురైన మృత్యువు,
గుర్రమెదిరి విల్లుఁ గూల్చి తరుము,
విల్లు దూరమందె వేసి యీటెనుఁ గూల్చు,
కనుక గొప్పదనుచుఁ గలదె యొకటి?

అవతారిక: చదరంగంలో ఒకరు ఎత్తు వేసేదాకా రెండవవారు గడ్డం నిమురుకుంటూ కూర్చోవచ్చు గాని, రియల్ టైమ్ స్ట్రాటజీ అనే కంప్యూటర్ ఆటలలో వంతులు లేవు, ఉభయపక్షాలూ ఏకకాలంలో కట్టెలు కొడుతూ, పొలాలు వేస్తూ, సేనలు నడుపుతూ ఉండవలసిందే. వాటిలో ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వారు 1999లో వెలువరించిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగం ఆకరగ్రంథంగా చెల్లుతున్నది. అందులోని ఒక్కొక్క బంటును, రౌతును, ఏనుగును యూనిట్ అంటారు. ఏ ఒక్క యూనిట్టూ తక్కినవాటన్నిటినీ మింగకుండా చూసే ఏర్పాటును సమతూకం అంటారు. ప్రస్తుత పద్యానికి విషయం అదే.

ప్రతిపదార్థము: ఈటె = 35 ఆహారమూ 25 కలపా ఇస్తే వచ్చే కాలిబంటు; గుర్రమునకు = 60 ఆహారమూ 75 బంగారమూ తీసుకొనే నైట్ అనే రౌతుకు; ఎదురైన మృత్యువు = ఎదుట నిలిచిన చావు; ఎదిరి విల్లున్ = ఎదుటివాని విలుకానిని (తన విలుకాండ్రనే గుర్రాలకు అప్పగించేవారు కొత్తగా నేర్చుకొనేవారని గ్రహించవలెను); దూరమందె = నాలుగు గడుల ఎడం నుండియే; కలదె = కలదా, లేదనుట.

తాత్పర్యము: స్పష్టము.

విశేషము: మొదటి పాదంలోని "మృత్యువు" అతిశయోక్తి. దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గుతూ సున్నాకు చేరితే యూనిట్ కూలిపోయే అంకెను ప్రాణాంకం అనుకుంటే, ఈటెవానికి అది 45, రౌతుకు 100. ఈటె పోటు బలం 3 మాత్రమే. గుర్రం కనబడగానే దానికి మరి 15 చేరుతుంది. రౌతు కవచం 2 మినహాయించగా 16 మిగులుతుంది. అనగా రౌతును పడగొట్టడానికి ఏడు పోట్లు కావాలి, రౌతుకు అయిదు వేట్లు చాలు, పైగా రౌతు చేయి చురుకు. ఒంటికి ఒంటిగా నిలిస్తే చచ్చేది ఈటెవాడే. అయితే ఒక రౌతు వెలకు ఇద్దరు ఈటెవాండ్రు వచ్చి ఇంకా మిగులుతుంది, అందులో బంగారం పిసరంతైనా ఖర్చు కాదు. కనుక సమతూకం బలంలో లేదనీ, ధరలో ఉన్నదనీ సిద్ధాంతం.

శంక: గుర్రాన్ని చూడగానే ఈటెకు ఆ 15 ఎక్కడినుండి వచ్చినవి? సమాధానము: వాస్తవ యుద్ధంలో ఈటె బలం ఒత్తుగా నిలిచిన వరుసది, ఆట ఆ వరుసను ఒక్కనిలోనే కుదించింది. ఏ వారాన డేగ గెలుస్తుందో, ఏ వారాన కాకి గెలుస్తుందో, నెమలికి ఏది లొంగుతుందో చెప్పే కోడిపందేల కుక్కుట శాస్త్రం కూడా ఇటువంటి కుదింపే; 1960 నాటి జంతుహింస నివారణ చట్టాన్ని లెక్కచేయక సంక్రాంతి బరుల దగ్గర చేరేవారు ఓడిన తరువాత నక్షత్రాన్ని నిందిస్తారు.

ఏనుగు విషయం మరీ విచారణీయం. పారశీకుల యుద్ధగజానికి ప్రాణాంకం 450; 100 బంగారం వెల గల సన్యాసి దూరంగా నిలిచి కాసేపు జపం చేస్తే అది పక్షం మారుతుంది. ఇది అసహజమని గొణిగేది ఏనుగు పోగొట్టుకొన్నవాడే, సన్యాసిని కొన్నవాడు కాడు. వాస్తవాన్నే కోరితే 1757లో బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పేలిన పూట వంటిది మిగులుతుంది. ఆ ఫిరంగికి తగిన ఎదురుయూనిట్‌ను కోటలోవారికి ఎవరూ సరసమైన ధరకు అమ్మలేదు.

పాఠాంతరములు: ఈ గ్రంథంలో మూలమే మారుతూ ఉంటుంది, ధరలను, బలాలను సవరిస్తూ కర్తలు విడుదల చేసేదానిని ప్యాచ్ అంటారు. 2013లో భారతీయులు అనే ఒకే సేన చేరగా, 2022లో దానికి హిందుస్థానీలని పేరు మార్చి బెంగాలీలు, ద్రావిడులు, గుర్జరులు అనేవారిని కొత్తగా చేర్చారు. ద్రావిడులకు నైట్ రౌతులు లేరు. మేలుజాతి గుర్రాలను సముద్రం మీద తెప్పించుకొన్న దక్షిణాదికి ఇది తగియే ఉన్నది. తెలంగాణలోని కోనసముద్రం కొలుముల నుండి పారశీక వర్తకులు కొనుక్కుపోయిన వూట్జ్ ఉక్కు కూడా ఈ ద్రావిడులదే; ఆటలో అది ఎదుటి కవచాన్ని లెక్కే చేయదు, అంత వాడి కొంత కవిత్వమే.

శంక: 175 ఆహారం ఇచ్చి ఎండిపోయి, మళ్లీ వేయడానికి 60 కలప అడిగే పొలం ఎక్కడ ఉన్నది? సమాధానము: ఎక్కడా లేదు, అడవి విలువ పడిపోకుండా కర్తలు పెట్టిన సుంకమది. చేపల వల 100 కలపకు 715 ఆహారం ఇస్తుంది గాని పట్టు అతి నెమ్మది. ఆ నెమ్మది లేకపోతే నీటి అంచున్నవాడు పొలం వేయడు. కొల్లేటిలో ఆ నెమ్మది పెట్టేవారు లేక చేపల చెరువులు వరినీ సరస్సునూ కూడా గెలిచాయి. 1999లోనే అయిదవ కాంటూరు (ఎత్తు రేఖ) దాకా అభయారణ్యంగా ప్రకటించినా, 2006లో గట్లు కూల్చేదాకా ప్యాచ్ రాలేదు. ఇంత చెప్పినా, నీరూ కాలువా అక్కరలేక కలపతో మొలిచే ఆ పొలాన్ని కాలువ వంతు కోసం ఎదురుచూసే పెదపాడు ఊరి పాఠకులు ఆమోదించనక్కరలేదు.