చలికాలం బాబాయి

హైదరాబాదులో చలికాలం వచ్చిందని వాతావరణ శాఖ కంటే ముందు చెప్పేది చలికాలం బాబాయి. ఆయన లేని కుటుంబం ఈ ఊళ్ళో ఉండదు. మీకు పెదనాన్న వరసో మేనమామ వరసో కావచ్చు, మూడో అంతస్తు అంకుల్ కావచ్చు. వరస మారినా మనిషి ఒక్కడే. ఉగాది నుంచి దసరా దాకా సోఫా దిగకుండా, పాలప్యాకెట్ తెమ్మన్నా మోకాళ్ళు చూపించే ఈ పెద్దమనిషి, కార్తీక మాసంలో ఓ రాత్రి ఫ్యాను కట్టేసి పడుకుంటాడు. అంతే. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరి ఆదివారం వారిది కాదు.

ముందుగా కుటుంబ వాట్సాప్ గ్రూపులో బులెటిన్లు మొదలవుతాయి. ఆయనకు ఆదిలాబాదు చలితో పనిలేదు. అక్కడ చలి ఉండటం గొప్పేమీ కాదు. పటాన్‌చెరు కావాలి, రాజేంద్రనగర్ కావాలి. ఊరి అంచునున్న ఈ చోట్ల పాదరసం నగరం నడిబొడ్డు కంటే కిందికి దిగుతుంది కాబట్టి, తానుండేది దిల్‌సుఖ్‌నగర్లో అయినా ఆయన చదివేది పటాన్‌చెరు లెక్కే. "పటాన్‌చెరు తొమ్మిది!" అని తెల్లారకముందే పెడతాడు. బెజవాడలో ఉన్న తోడల్లుడు "మాకు పందొమ్మిది" అని జవాబిస్తే, ఆ పది డిగ్రీలూ తన సొంత సంపాదన అన్నట్టు రోజంతా మురిసిపోతాడు.

ఆయన తొందరకి కారణం లేకపోలేదు. హైదరాబాదుకు దక్కే చలి ఏ నవంబరు మధ్యలోనో మొదలై ఫిబ్రవరి మొదట్లోనే సర్దుకుంటుంది. శివరాత్రికి శివశివా అంటూ పోవాలని శాస్త్రమున్నా, ఇంత కాంక్రీటు మధ్య అది అందాకా కూడా ఆగడం లేదు. ఆ తర్వాత కొన్ని నెలలు ఎండ, కొన్ని నెలలు రోడ్డు మీద మోకాలిలోతు నీళ్ళు. అందుకని చలికాలమంటే బాబాయి లెక్కలో ఆఖరి తేదీ వేసి ఉన్న కూపను. వాడుకోకపోతే మురిగిపోతుంది.

మొదటి కార్యక్రమం పాతబస్తీలో నహారీ, పాయా. కార్తీక మాసమంతా పిన్నికి భయపడి నోరు కట్టుకుంటాడు. పోలి స్వర్గానికి వెళ్ళిన వారంలోనే ఈయన పురానీ హవేలీకి బయల్దేరతాడు. అక్కడ 1851 నాటి మున్షీ నాన్ కొట్టు ఉంది. నాలుగు మూలల నాన్ తందూరులోంచి తీస్తుండగానే అందుకోవాలని ఆయన పట్టుదల. పొద్దెక్కితే పులుసులో పస ఉండదట. అందుకని ఇంటిల్లిపాదినీ చీకటితోనే లేపుతాడు. మంకీ క్యాపు లోంచి రెండు కళ్ళూ మీసమూ మాత్రం కనిపిస్తుంటాయి.

"జూపార్కులో కోతులకి కూడా చలికాలం హీటర్లు పెడతారు. ఈ ఇంట్లో మనుషుల్ని రోడ్డు మీదికి తోలుతున్నారు" అంటుంది పిన్ని, శాలువా కప్పుకుంటూ.

"అవి అక్కడే పడుండాలి కాబట్టి పెట్టారే. మనకేం ఖర్మ?" అంటాడు బాబాయి.

రెండో ఆదివారం అమీన్‌పూర్ చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన సంగతి కారెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా చెబుతూనే ఉంటాడు. మెడలో బైనాక్యులర్, చేతిలో ఫ్లాస్కు. తెల్లగా కనబడ్డ ప్రతి పిట్టకీ అక్కడికక్కడే సైబీరియా పౌరసత్వం ఇచ్చేస్తాడు.

"అది మన పొలాల్లో ఉండే కొంగే కదా బాబాయ్?"

"కొంగేరా. కానీ అక్కడి కొంగ."

అసలు చూడవలసిన ఫ్లెమింగోలు చెరువులో తలలు తలకిందులుగా ముంచి, ముక్కులతో నీళ్ళు వడగట్టుకుని మేత తింటూ ఉంటాయి. బాబాయి వాటిని చూడడు. అప్పటికి ఆయన ఫ్లాస్కు మూత ఎక్కడ పడిందా అని వెతుకుతుంటాడు.

డిసెంబరులో పుస్తకాల పండగ. ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టారంటే బాబాయిలో ఉన్నట్టుండి సాహితీవేత్త నిద్రలేస్తాడు. పోయినేడు కొన్న పుస్తకాలు పాలిథిన్ సంచీలోనే ఉన్నాయి. సంచీ మీది ధూళి కూడా ఆ స్టేడియందే. అయినా ఈసారి మళ్ళీ కొంటాడు. ఎంపికకు ఆయన పద్ధతి సులువు: ఏ పుస్తకానికి ఎక్కువ తగ్గింపు ఇస్తే అది మంచి పుస్తకం. కనబడ్డ రచయితకల్లా నమస్కారం పెట్టి, "మీది చదివానండీ, అద్భుతం" అంటాడు. ఏది అని ఎదురు ప్రశ్న వేసేంత ధైర్యం మన రచయితల్లో ఎవరికుంది? ఇద్దరూ సంతోషంగా విడిపోతారు.

ఆయనకు ఒకే ఒక్క విషయంలో ప్రభుత్వం మీద కోపముంది. అది బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం. రాష్ట్రపతి దక్షిణాది విడిదికి సాధారణంగా డిసెంబరులోనే వస్తారు. వెళ్ళిపోయాక జనవరిలో కొద్దిరోజులు తోటలు చూడ్డానికి జనాన్ని వదిలేవారు. ఆ కొద్దిరోజుల కోసం బాబాయి ఆఫీసుకు సెలవు పెట్టేవాడు, లైన్లో నిలబడేవాడు, గులాబీల పక్కన ఫొటో దిగేవాడు. 2023 నుంచి దాన్ని ఏడాది పొడుగునా తెరిచి ఉంచుతున్నారు. అప్పట్నుంచి ఆయన అటు తొంగి చూడలేదు. "ఎప్పుడుపడితే అప్పుడు చూడనిస్తే ఇక దాన్ని చూసేదెవడోయ్?" అంటాడు. నవ్వొస్తుంది గానీ, చార్మినారు ఎక్కని హైదరాబాదీలు ఎంతమంది ఉన్నారో ఆలోచిస్తే ఆ మాట కొట్టిపారేయలేం.

ఇవన్నీ ఉపవాసాలు. అసలు పండగ నుమాయిష్. జనవరి ఒకటిన తెరుచుకుని ఫిబ్రవరి పదిహేను దాకా నడిచే ఈ నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్ళకపోతే కొత్త సంవత్సరం వచ్చినట్టే కాదని బాబాయి సిద్ధాంతం. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక సరుకుల ప్రదర్శనగా మొదలుపెట్టారనీ, 1946లో ఇప్పటి మైదానానికి మార్చారనీ టికెట్ల లైన్లో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ సమానంగా చెబుతాడు.

లోపలికి అడుగుపెట్టగానే తెలుగు మరిచిపోతాడు. కాశ్మీరీ శాలువాల దగ్గర నిలబడి, "కిత్నే కా హై భయ్యా?" అని మొదలుపెడతాడు. వాడు రెండువేలంటే ఈయన నాలుగు వందలంటాడు. వాడు గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. ఈయన వెనక్కి తిరిగి నాలుగడుగులు నడుస్తాడు. ఐదో అడుగులో వాడు పిలవాలి, పిలుస్తాడు. ఆరువందల యాభైకి తెగుతుంది. సరిగ్గా అలాంటి శాలువానే పక్క స్టాల్లో "ఏదైనా ఐదొందలు" అని బోర్డు పెట్టి కుప్పపోసి అమ్ముతుంటారు. పిన్ని ఆ బోర్డు చూస్తుంది. భర్త మొహం చూస్తుంది. ఆ సంగతి మళ్ళీ వేసవిలో అవసరమైనప్పుడు వాడుకోవచ్చని దాచుకుంటుంది.

అక్కణ్ణుంచి కూరగాయలు తరిగే యంత్రం. డెమో కుర్రాడి చేతిలో అది క్యారెట్‌ని పువ్వుల్లా, దోసకాయని రిబ్బన్లలా తీస్తుంది. ఇంటికొచ్చాక ఏ కూరగాయా పడదు, బాబాయి బొటనవేలు తప్ప. ఏటా ఒకటి కొంటాడు, ఎందుకంటే ఈసారి వచ్చింది కొత్త మోడల్. చివరికి మిర్చి బజ్జీ. రెండో ప్లేటుకి పిన్ని కళ్ళెర్రజేస్తే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీయే విద్యాసంస్థలు కూడా నడుపుతుంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం అందులో ఒకటి. "నేను తింటున్నది బజ్జీ అనుకుంటున్నావు. ఇది స్త్రీవిద్య" అంటాడు, మూడో ప్లేటు చెప్పి.

సంక్రాంతికి ఊరు ఊరంతా బెజవాడ రోడ్డెక్కి పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరుతుంది. బాబాయి కదలడు. "పుట్టింటికి ఎప్పుడైనా వెళ్ళొచ్చు, అక్కడ సంక్రాంతి ఏటా వస్తుంది. ఖాళీ హైదరాబాదు మళ్ళీ దొరుకుతుందా?" అని పిన్నిని ఒప్పిస్తాడు. అదీ ఏటా దొరుకుతుందని ఆవిడ అనేలోపు కారు స్టార్టు చేస్తాడు. హారన్ మోగని అమీర్‌పేట గుండా, పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాలు చూడ్డానికి రాజులా వెళతాడు.

ఈ తిరుగుళ్ళన్నిటికీ జలుబు రాకుండా ఉండదు. వస్తుంది. జండూబామ్ వాసనా మిరియాల కషాయం వాసనా ఫ్లాట్ తలుపు దాటి లిఫ్టు దాకా పాకుతాయి. కానీ దానికి కారణం చలి అని ఒప్పుకోడు. బుక్ ఫెయిర్ దుమ్మంటాడు, ఫ్లెమింగోల ఈకలంటాడు. చలికి మచ్చ రానివ్వడు.

ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన వియ్యంకుడు చొక్కా చేతులు మడిచి, "దీన్ని మీరు చలి అంటారా?" అన్నాడు. ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. బాబాయి మంకీ క్యాపు తీసి, ఆయన జీవితంలో అన్న ఒకే ఒక్క తెలివైన మాట అన్నాడు: "మీ చలికి మీరు తలుపులేసుకుంటారు బావగారూ. మాది తలుపు తీసుకుని వెళ్ళే చలి."

అది నిజం. మంచు కురిసే ఊళ్ళలో చలికాలమంటే ఇంట్లో కూర్చునే కాలం. హైదరాబాదులో మధ్యాహ్నం కూడా నడవగలిగేది ఈ కొద్ది వారాలే. అందుకే పుస్తకాలూ గాలిపటాలూ నుమాయిషూ అన్నీ ఇప్పుడే గుమిగూడతాయి. వాటికి జనం కావాలి. జనాన్ని లేపడానికి ఇలాంటి మనిషి కావాలి.

కాబట్టి మీ ఇంట్లో ఒక చలికాలం బాబాయి ఉంటే విసుక్కోకుండా స్వెటర్ తగిలించుకోండి. ఏడాదంతా ఈ ఊళ్ళో ఉండి ఏం చూశామని లెక్క తీస్తే, ఆయన తిప్పిన చోట్లే తేలతాయి. ఇంటికి ఒకరు చాలు. ఇద్దరుంటే కాపురాలు నిలవవు. ఒక్కరూ లేకపోతే మాత్రం ఈ డిసెంబరు నుంచి ఆ పదవి మీరే తీసుకోండి. నుమాయిష్‌కి మాత్రం మెట్రోలో వెళ్ళండి, పార్కింగ్ దొరకదు.