బేగంపేట తాళం

బేగంపేట విమానాశ్రయం హైదరాబాద్ నడిబొడ్డున ఉంది. 2008 మార్చి 22 అర్ధరాత్రి మూతపడింది. ‘మూతపడింది’ అన్న మాటకు ఇక్కడ నిఘంటువు చెప్పే అర్థం పనికిరాదు. సుమారు 3.2 కిలోమీటర్ల రన్‌వే చెక్కుచెదరకుండా ఉంది. టవర్‌లో మనుషులున్నారు. గేటు దగ్గర తుపాకులతో కాపలా ఉంది. విమానాలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. టికెట్టు కొనుక్కున్నవాడికి మాత్రం ప్రవేశం లేదు. డబ్బు చెల్లించి ఎక్కేవాళ్లను తప్ప మిగతా అందరినీ అనుమతించే ఈ పద్ధతినే పరిపాలనా పరిభాషలో మూసివేత అంటారు.

విమానాశ్రయం నిజాం కాలం నాటిది, 1930లలో మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు ఇదే పుట్టిల్లు. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఊరు పెరిగి విమానాశ్రయం చుట్టూ రసూల్‌పురా, ప్రకాష్‌నగర్, బోయిన్‌పల్లి అల్లుకుపోయాయి. చుట్టానికి వీడ్కోలు చెప్పడానికి ఇంటిల్లిపాదీ ఆటోలో వెళ్లి, అరగంటలో తిరిగొచ్చి, మిగిలిన అన్నం తినగలిగిన రోజులవి.

మూసివేతకు మూలం 2004 డిసెంబరు 20 నాటి రాయితీ ఒప్పందం. శంషాబాద్‌లో దాదాపు 5,500 ఎకరాల్లో కొత్త విమానాశ్రయం కట్టే సంస్థకు, అది తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ల పాటు 150 కిలోమీటర్ల లోపల పోటీ ఉండదని అందులో హామీ ఇచ్చారు. కొత్త సంస్థలో జీఎంఆర్‌కు 63 శాతం, మలేసియా విమానాశ్రయాల కంపెనీకి 11 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13 శాతం వాటాలు దక్కాయి. ఈ చివరి సంస్థే బేగంపేటకు యజమాని. అంటే పాత కొట్టు ఆసామే కొత్త కొట్టులో భాగస్తుడు. పాత కొట్టు తెరవమని అడిగే జనం ఆయన దగ్గరికే అర్జీ పట్టుకెళ్లాలి. పోనీ రాష్ట్ర ప్రభుత్వం చేత చెప్పిద్దామంటే, అక్కడా 13 శాతమే ఎదురవుతుంది. వియ్యంకుడి మీద ఫిర్యాదు వియ్యపురాలికి చెప్పుకున్నట్టు.

అభ్యంతరాలు రాలేదని అనడానికి లేదు. 2008 మార్చి 12న ప్రాధికార సంస్థ ఉద్యోగులు బేగంపేట, బెంగళూరు హెచ్ఏఎల్ విమానాశ్రయాలు మూయొద్దని దేశమంతటా సమ్మెకు దిగారు. సీతారాం ఏచూరి అధ్యక్షతన ఉన్న పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా ఆ మాటే చెప్పింది. సమ్మె ముగిసింది, సిఫారసు ఫైలులోకి చేరింది. కొత్త విమానాశ్రయాన్ని మార్చి 14నే ప్రారంభించేశారు, 23 నుంచి విమానాలు అక్కడికే మళ్లాయి. అక్కడికి చేర్చే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, 2009 అక్టోబరులో పూర్తయింది. ఆ ఏడాదిన్నరా ఫ్లైట్ తప్పిపోకుండా ఉండాలంటే ప్రయాణికుడు ముందురోజే బయలుదేరడం మంచిదని ఊళ్లో జోకు. ఆర్టీసీ తర్వాత ‘పుష్పక్’ బస్సులు వేసింది. పురాణంలో పుష్పకం ఎక్కినవాడు నేరుగా గమ్యం చేరాడు. ఈ పుష్పక్ ఎక్కినవాడు విమానం దాకా చేరతాడు.

మెట్రో కథ ఇంకా ముచ్చటైనది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. బేగంపేట, ప్రకాష్‌నగర్, రసూల్‌పురా అని వరసగా స్టేషన్లు. ఒక్క ప్రయాణికుడూ ఎక్కని విమానాశ్రయం గోడ వెంబడి మూడు స్టేషన్లున్నాయి, కోట్ల మంది ఎక్కే విమానాశ్రయానికి ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చడానికి 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్లు, 6,250 కోట్ల అంచనాతో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, దారీ మారింది, ఇప్పుడు నాగోలు వైపు నుంచి గీస్తున్నారు. శిలాఫలకం మాత్రం స్థిరాస్తి.

పేర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. బేగంపేటలో దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు, అంతర్జాతీయ టెర్మినల్‌కు రాజీవ్ గాంధీ పేరు ఉండేవి. శంషాబాద్‌కు వెళ్లేటప్పుడు సామానులో రెండో పేరు ఒక్కటే సర్దారు. 2014 నవంబరులో కేంద్రం అక్కడి దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెడుతున్నట్టు చెప్పింది, తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. శంషాబాద్‌లో దేశీయానికి వేరే టెర్మినల్ లేదు, అన్నీ ఒకే కప్పు కింద. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు మీద సభలో రభస.

ఇక ఇప్పుడు బేగంపేటను వాడుకుంటున్నది ఎవరంటే: ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, కేంద్ర మంత్రులు, సొంత జెట్లున్నవాళ్లు, వైమానిక దళం, పైలట్ శిక్షణ విద్యార్థులు. 2024 మార్చిలో 350 కోట్లకు పైగా ఖర్చుతో కట్టిన పౌర విమానయాన పరిశోధన కేంద్రం కూడా ఇక్కడే ప్రారంభమైంది. పౌరులు లేని చోట పౌర విమానయానాన్ని ప్రశాంతంగా పరిశోధించవచ్చు.

సామాన్యుడికి ఈ విమానాశ్రయంతో సంబంధం పూర్తిగా తెగిపోలేదు. ముఖ్యుడెవరైనా దిగే రోజున బయటి రోడ్డు మీద తాడు కడతారు. స్కూటీ ఇంజను ఆపి, కాలు నేలకానించి, హెల్మెట్ అద్దం పైకి తోసి జనం ఆకాశం వంక చూస్తారు. వెనక సీట్లో పిల్లాడు ‘అదిగో విమానం’ అంటాడు. ముందున్న ఆటో డ్రైవర్ బీడీ వెలిగిస్తాడు. విమానం దిగుతుంది, కాన్వాయ్ పోతుంది, తాడు విప్పుతారు. విమానం దిగినందుకు టికెట్టు లేకుండానే ఆలస్యమయ్యే సౌకర్యం దేశంలో చాలా తక్కువ విమానాశ్రయాల్లో ఉంది.

రెండేళ్లకోసారి జరిగే వైమానిక ప్రదర్శన మరో సౌకర్యం. మూతపడిన ఏడాదే, 2008 అక్టోబరులో, ఇక్కడ మొదలైంది. 2010 మార్చిలో నౌకాదళ విన్యాస విమానం పక్కనే బోయిన్‌పల్లి ఇళ్ల మీద కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఊరి మధ్య విమానాలు ప్రమాదం అన్న వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. ఆ తర్వాతా ప్రదర్శన ఆగలేదు. 2024 జనవరిలో ఎయిరిండియా తన కొత్త ఏ350ని చూపించింది కూడా ఇక్కడే. టికెట్టు కొంటే విమానం చూడనిస్తారు, ఎక్కి ఎక్కడికైనా పోదామంటే మాత్రం ముప్పై కిలోమీటర్లు దక్షిణంగా వెళ్లాలి.

పునఃప్రారంభ అవకాశాల విషయానికొస్తే, 150 కిలోమీటర్ల గీత మరీ ఇనపగీతేమీ కాదు. 1981లో మూతపడిన వరంగల్ మామునూరు ఆ గీత లోపలే ఉంది. శంషాబాద్ నిర్వాహకులు అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతిచ్చింది. మామునూరు తెరిస్తే వాళ్లకు పోయేదేమీ పెద్దగా లేదు. బేగంపేట తెరిస్తే సికింద్రాబాద్ వైపు సగం ఊరు పోతుంది. ఉదారత దూరాన్ని బట్టి పెరుగుతుందన్నది ఇక్కడ భౌతికశాస్త్ర నియమం.

‘ఉడాన్’ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప నుంచి, నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు చిన్న విమానాలు మొదలయ్యాయి. హవాయి చెప్పుల మనిషి కూడా విమానమెక్కాలన్నది ఆశయం. కడప నుంచి గంటలో వచ్చిన ఆ మనిషి సికింద్రాబాద్ చేరడానికి దాదాపు మరో గంటన్నర చెప్పులరగదీస్తాడు. ఇలాంటి చిన్న విమానాల కోసమైనా బేగంపేటను తెరవమని కోరిక అప్పుడప్పుడూ లేస్తుంది. పక్కనే హకీంపేట, దుండిగల్‌లో వైమానిక దళం, గగనతలం ఇరుకు అని జవాబొస్తుంది. ప్రముఖులు దిగే రోజున ఆ ఇరుకు కాస్త వదులవుతుంది.

గడువు లెక్క వేరు. పాతికేళ్ల హామీ 2033 మార్చిలో ముగుస్తుంది. శంషాబాద్‌ను నడిపే హక్కు 2068 దాకా పొడిగించారు. కాబట్టి 2033 తర్వాత బేగంపేటను తెరవకూడదని చెప్పే నిబంధన మిగలదు, తెరవమని చెప్పేవాడు మిగిలాడో లేదో చూడాలి. బేగంపేటలాగే 2008లో మూతపడిన బెర్లిన్ టెంపెల్‌హాఫ్ రన్‌వే మీద జనం సైకిళ్లు తొక్కుతూ గాలిపటాలు ఎగరేస్తున్నారు, అక్కడ ఇళ్లు కట్టొద్దని 2014లో ఓటేశారు. హైదరాబాద్‌లో అంత చదును జాగా అలా వదిలేస్తారంటే రియల్ ఎస్టేటు మిత్రులు నవ్వుతారు.

ఈలోగా చుట్టుపక్కల ఇళ్లవాళ్లు విమానాశ్రయం ఉన్నట్టుగానే బతుకుతున్నారు. రెండంతస్తులు ఎక్కువ వేద్దామంటే ఎత్తుకు అనుమతి పత్రం కావాలి, రన్‌వేకి అడ్డు. ప్యారడైజ్ నుంచి డెయిరీఫాం దాకా తలపెట్టిన ఎలివేటెడ్ రోడ్డుకూ ఇదే చిక్కు వచ్చింది. ఐదు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డులో ఎక్కువ భాగం గాల్లో వెళుతుంది. విమానాశ్రయం దగ్గరకొచ్చేసరికి, మూతపడిన రన్‌వేకి గౌరవంగా, భూమిలోకి దిగి సుమారు 600 మీటర్ల సొరంగంలో పోయి మళ్లీ పైకి లేస్తుంది. అది పూర్తయితే స్కూటీ మీద వెళ్లే మనిషి రోజుకు రెండుసార్లు బేగంపేట విమానాశ్రయం గుండానే వెళ్లొచ్చు, నేల కింద నుంచి.