రివ్యూ స్కానర్‌ని గల్లాపెట్టె దగ్గర పెట్టకండి

రాజమండ్రిలో పదకొండేళ్ళుగా టిఫిన్ హోటలు నడుపుతున్నాను. ఇడ్లీ, గారె, పూరీ, పెసరట్టు ఉప్మా. పొద్దున్న ఐదున్నరకి పొయ్యి వెలిగిస్తే పదకొండుకి ఆర్పేస్తాం. గూగుల్ రివ్యూల కోసం స్కానర్ ఎలా పెట్టాలని ఈమధ్య తోటి హోటలువాళ్ళు అడుగుతున్నారు. నా పద్ధతి విని మా మేనల్లుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు, "మావయ్యా, లోకమంతా చేసేదానికి ఇది సరిగ్గా తలకిందులు. దయచేసి ఎవరికీ సలహా ఇవ్వకు" అన్నాడు. వాడంటే నాకు గౌరవమే. అయినా ఇస్తున్నాను, ఎందుకంటే లోకమంతా చేసేదాన్ని నేనూ చేసి ఒక మంచి గిరాకీని దాదాపు పోగొట్టుకున్నాను.

రివ్యూ స్కానర్‌ని గల్లాపెట్టె బల్ల మీద పెట్టకండి. చేతులు కడుక్కునే చోట గోడకి పెట్టండి.

బల్ల మీద ఇప్పటికే డబ్బుల స్కానర్ ఉంటుంది. 2016లో యూపీఐ వచ్చిన దగ్గర్నుంచి మన ఊళ్ళో స్కానర్ అంటే డబ్బులు కొట్టేదని అర్థం. బస్సు టైమైపోతున్న మనిషి "స్కానర్ ఎక్కడండీ?" అంటూ వచ్చి, రెండు నలుపు తెలుపు గళ్ళల్లో ముందు కనిపించినదానికి ఫోను చూపిస్తాడు. తెర మీద ఐదు నక్షత్రాలు వస్తాయి. "ఇందులో డబ్బులు ఎలా కొట్టాలండీ?" అంటాడు. వెనకాల ప్లేటు టోకెన్ల కోసం ఆరుగురు. ఆ కంగారులో ఏదో ఒక నక్షత్రం నొక్కేసి బయటపడతాడు. దాన్ని మనం అభిప్రాయం అనుకుని మురిసిపోతాం.

అంతకన్నా పెద్ద చిక్కు, ఆ బల్ల వెనకాల మనం ఉంటాం. గోదావరి జిల్లాల్లో ఎదురుగా నిలబడి "టిఫిన్ ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగుందండి" తప్ప ఇంకో జవాబు రాదు. అది మర్యాద. మన కళ్ళముందు ఫోను పట్టుకుని రాసే రివ్యూ కూడా అదే మర్యాద. దాంట్లోంచి పచ్చడి సంగతి తెలియదు.

మూడేళ్ళ కిందట నేను రెండు తప్పులు కలిపి చేశాను. బల్ల మీద స్కానర్ పెట్టి, ఐదు నక్షత్రాలు ఇచ్చి ఫోను చూపిస్తే ఒక గారె ఉచితం అని బోర్డు రాయించాను. రెండు నెలల్లో వందకు పైగా రివ్యూలు. "సూపర్", "నైస్", "గుడ్ టిఫిన్స్". రాత్రి పడుకునే ముందు వాటిని మా ఆవిడకి చదివి వినిపించేవాణ్ణి. అదే రోజుల్లో, తపాలా శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రావడం మానేశారు. ఏడేళ్ళుగా రోజూ పదింటికి వచ్చి రెండు ఇడ్లీ, ఒక అట్టు తిని పది నిమిషాలు పేపరు చూసుకుని వెళ్ళేవారు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. ఒక ఆదివారం రైతుబజార్లో కనబడ్డారు, నిక్షేపంలా ఉన్నారు. రావడం లేదేంటండీ అంటే కాసేపు వంకాయలు ఏరుతూ ఉండిపోయి, "ఏమీ అనుకోకు బాబూ. ఎండాకాలం మొదలైన కాడ్నుంచీ కొబ్బరి చట్నీ పులిసిపోతోంది. నోట్లో పెట్టుకోలేకపోతున్నా" అన్నారు.

ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే తెలిసింది. చట్నీ తెల్లవారుజామున ఐదింటికి ఒక్కసారే రుబ్బుతున్నాం. ఏడు, ఎనిమిది మధ్య తినే ఉద్యోగస్తులకీ, కాలేజీ పిల్లలకీ అది తాజాగానే ఉంటుంది. డబ్బులు ఫోనుతో కొట్టేదీ, బల్ల మీద స్కానర్ చూసేదీ, గారె కోసం నక్షత్రాలు నొక్కేదీ వాళ్ళే. పదింటి గిరాకీ వేరు. పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు, పనివాళ్ళు. నోట్లిచ్చి చిల్లర తీసుకుని వెళ్ళిపోతారు, స్కానర్ వంక చూడనైనా చూడరు. మే నెల ఎండకి అయిదు గంటలు గిన్నెలో ఉన్న చట్నీ వాళ్ళ ప్లేట్లోకి వెళ్ళింది. వంద రివ్యూల్లో ఒక్కదానిలో కూడా ఆ మాట లేదు, ఎందుకంటే ఆ చట్నీ తిన్నవాళ్ళెవరూ ఆ వందమందిలో లేరు. స్కానర్ ఎక్కడ పెడితే అక్కడికొచ్చేవాళ్ళ మాటే మనకి వినబడుతుంది.

అందుకే చేతులు కడుక్కునే చోటు. డబ్బు ఎలా ఇచ్చేవాడైనా, ఏ వేళ వచ్చినవాడైనా అక్కడికి రాక తప్పదు. మనం అక్కడ ఉండం. అట్టు సంగతీ చట్నీ సంగతీ ఇంకా నాలుక మీదే ఉంటాయి. "తడి చేత్తో ఫోను ఎవడు తీస్తాడు మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. తీయడు. చెయ్యి తుడుచుకుని తీస్తాడు. ఆ ఒక్క నిమిషం ఆగి కూడా చెప్పాలనిపించిన మాటే నాకు కావాలి. వచ్చే రివ్యూలు తగ్గుతాయి, నిజమే. నాకు ఇప్పుడు నెలకి ఏడో ఎనిమిదో వస్తున్నాయి. వాటిని ప్రతి అక్షరం చదువుతాను.

మనం స్కానర్ అని పిలిచే ఈ క్యూఆర్ కోడ్ పుట్టిందే ఇలాంటి చోట్ల కోసం. 1994లో జపాన్‌లో, కార్ల విడిభాగాలు తయారు చేసే డెన్సోలో మసాహిరో హారా బృందం దీన్ని తయారు చేసింది. అంతకుముందు వాడిన గీతల బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాల దాకానే పట్టేవి. ఒక్కో పెట్టెకి బోలెడు బార్‌కోడ్‌లు వరసగా చదివించలేక పనివాళ్ళు విసిగిపోయేవారు. ఫ్యాక్టరీ అన్నాక నూనె మరకలు, దుమ్ము, చిరుగులు. అందుకని కోడ్‌లో కొంతభాగం పాడైనా మిగతాదాంతో పూర్తి సమాచారం చదవగలిగేలా కట్టారు. పని జరిగే చోట, మరకల మధ్య, సరుకు పక్కనే ఉండాలని పుట్టిన వస్తువిది. దాన్ని తీసుకొచ్చి బల్ల మీది గాజు కింద దాచిపెట్టడం దేనికి?

మరకలు తట్టుకోవడంలో నాలుగు స్థాయిలున్నాయి: ఎల్, ఎం, క్యూ, హెచ్. ఎల్ అయితే దాదాపు 7 శాతం పాడైనా చదువుతుంది, హెచ్ అయితే 30 శాతం దాకా. ప్రింటింగ్ షాపులో అడిగి హెచ్ తీసుకోండి. అప్పుడు గళ్ళు ఎక్కువవుతాయి, కాబట్టి కాయితం పెద్దది చేయించండి. రెండు అడుగుల దూరం నుంచి చదవాలంటే దాంట్లో పదో వంతు, అంటే రెండున్నర అంగుళాల వెడల్పయినా ఉండాలని ఒక మోటు లెక్క. నేను ఐదు అంగుళాలు చేయించాను, ఆవిరికీ నీటి చుక్కలకీ అదే నయం. చుట్టూ నాలుగు గళ్ళంత తెల్లటి జాగా వదలాలి. ఫ్లెక్సీ డిజైన్ చేసే కుర్రాడు అందం కోసం ఆ తెలుపులో మామిడాకులు, కలశాలు వేసుకొస్తాడు. తీయించండి.

ఇంకో మాట, ఇది త్వరగా చెప్పేస్తాను. కోడ్‌లు రెండు రకాలు. ఒకదాంట్లో మన లింకే నేరుగా ఉంటుంది. ఆ లింకు ఉన్నంతకాలం పనిచేస్తుంది. రెండోది మధ్యలో ఎవరి సర్వరు మీదుగానో వెళ్తుంది. చందా కట్టడం ఆపితే ఆగిపోవచ్చు. నాకు మొదట ఒకాయన ఇలాంటిదే అమ్మాడు. ఏడాది తిరిగేసరికి స్కాన్ చేస్తే ఖాళీ పేజీ. గూగుల్‌లో మన వ్యాపారం ఖాతాలోనే రివ్యూ లింకూ, స్కానరూ ఉచితంగా దొరుకుతాయి. అవే ప్రింటు చేయించండి.

రెండో సలహా: నవ్వుతూ వెళ్ళేవాణ్ణి రివ్యూ అడగకండి. ప్లేట్లో సగం వదిలేసినవాణ్ణి అడగండి.

బాగా తినేవాడు రేపూ వస్తాడు, వాడి రాకే వాడి రివ్యూ. సగం అట్టు వదిలేసి లేచినవాడి దగ్గర మనకి తెలియని విషయం ఉంది. మా సప్లయర్ కుర్రాళ్ళకి చెప్పాను, ఎంగిలి ప్లేటు తీసేటప్పుడు మిగిలినదేమిటో చూడమని. ఎక్కువ మిగిలితే ఆయన దగ్గరికెళ్ళి, "ఏవండీ, ఏదైనా తేడాగా ఉందా? చెయ్యి కడిగేచోట స్కానర్ ఉందండీ, ఉన్నదున్నట్టు రాయండి" అనాలి. సంతోషంగా ఉన్నవాళ్ళని మాత్రమే ఏరి గూగుల్‌కి పంపి, కోపంగా ఉన్నవాళ్ళని పక్కకి తప్పించడం గూగుల్ నియమాలకే విరుద్ధం. నేను ఏరుతున్నానంటే ఏరుతున్నానేమో, మేనల్లుడు ఆ మాటే అన్నాడు. అందుకే గోడ మీది స్కానర్ అందరికీ ఉంది. నోటితో అడగడం మాత్రం వదిలేసినవాళ్ళని.

ఉచిత గారె బోర్డు, పెద్దాయన చట్నీ మాట చెప్పిన రోజే పీకేశాను. రివ్యూకి ఇనాం ఇవ్వడాన్ని గూగుల్ ఒప్పుకోదని అప్పటికి నాకు తెలియదు. మన దేశంలోనూ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలు పనికిరావనేది అందులో ఉన్న మాటే. నియమం సంగతి అలా ఉంచండి. గారె తిన్న నోటితో మనిషి ఇంకేం రాస్తాడు? పెట్టినవాడి ఉప్పు తిన్నాక నిజం చెప్పలేకపోవడం మనవాళ్ళ రక్తంలోనే ఉంది. ఆ మంచితనాన్ని నేను రెండు నెలలు వాడుకున్నాను, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మూడోది విని మా ఆవిడ కూడా మొదట ఒప్పుకోలేదు. ఒక్క నక్షత్రం ఇచ్చిన రివ్యూని ప్రింటు తీయించి గోడకి అంటించండి. పేరు, ఫోటో తీసేసి మాట మాత్రం ఉంచండి. కింద మనం ఏం చేశామో చేత్తో రాయండి. మా గోడ మీద ఇప్పుడున్నది: "గారె లోపల పచ్చిగా ఉంది. నూనె వాసన." కింద నేను రాసింది: "నూనె బాగా కాగకముందే వేస్తున్నారు, సరిచేశాం. రోజూ మిగిలిన నూనె సాయంత్రానికి పారేస్తున్నాం." ఇది చదివి ఇద్దరు ముగ్గురు వెనక్కి వెళ్ళిపోయుంటారు. కానీ గారె తినేవాళ్ళు నోట్లో పెట్టుకునే ముందు విరిచి చూస్తున్నారు, లోపల ఉడికింది చూసి వంట మాస్టరు వంక తలూపుతున్నారు. మాస్టరుకి ఆ తలూపు నక్షత్రాలకన్నా ఎక్కువ.

సగటు పడిపోతుందని భయపడకండి, లెక్క వేసుకోండి. 200 రివ్యూలతో 4.9 ఉన్నచోట ఒక్క నక్షత్రం ఒకటి వచ్చి పడితే 4.88 అవుతుంది, తెర మీద 4.9 గానే కనబడుతుంది. కొత్త హోటలుకి మాత్రం దెబ్బే. పది మంది ఐదేసి ఇచ్చినచోట ఒక్క నక్షత్రం ఒకటి పడితే 4.6కి దిగుతుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో మైఖేల్ లూకా 2011లో సియాటిల్ రెస్టారెంట్ల మీద లెక్కలు కట్టి, రేటింగ్ ఒక నక్షత్రం పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం పెరుగుతోందని చూపించాడు. మేనల్లుడు ఇదే చూపించి నన్ను బెదిరించాడు. నేను దాన్ని కాదనను. అందుకే నక్షత్రం పెరగాల్సింది ఫోనులో కాదు, పొయ్యి దగ్గర అంటాను. మా రేటింగ్ ఏడాదిపాటు తగ్గింది. తరవాత నెమ్మదిగా పైకొస్తోంది. అంతకాలం ఓపిక పట్టగలిగినవాళ్ళే నా మాట వినండి.

స్కానర్ పైన "రివ్యూ అస్" అని ఇంగ్లీషులో రాయించకండి. మా దగ్గర తెలుగులో ఇలా ఉంది: "ఈరోజు ఏది బాగోలేదు? ఇక్కడ స్కాన్ చేసి చెప్పండి. ఇది డబ్బులు కొట్టేది కాదు." టైపు చేయడం రానివాళ్ళకి, కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయని పక్కన బొమ్మ వేయించాను. ఈ పని ఎక్కువ ఫలం ఇచ్చింది. నిడదవోలు నుంచి పనికి వచ్చే ఒకావిడ పూరీ కూర గురించి మాట్లాడిన మాటలు గూగుల్‌లో ఏడు వరసలు వచ్చాయి. బంగాళాదుంప ఉడికీ ఉడకకుండా ఉందనీ, వాళ్ళ అత్తగారు శనగపిండి ఎప్పుడు కలుపుతారో కూడా చెప్పింది. మరునాటి నుంచి అలాగే చేస్తున్నాం.

ప్రతి రివ్యూకీ జవాబు రాయండి. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని అందరికీ ఒకటే అంటించకండి. ఏ రోజు, ఏ వంటకం, ఏం మార్చామో రాయండి.

పెద్దాయనకి కబురు పెట్టాను. చట్నీ ఇప్పుడు ఐదింటికి ఒకసారి, తొమ్మిదింటికి మళ్ళీ ఒకసారి రుబ్బుతున్నాం. ఆయన దగ్గర మామూలు బటన్ ఫోనే, స్కానర్‌తో పని లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, పేపరు మడిచి బల్ల మీద పెట్టి, "ఇవాళ పర్లేదు బాబూ" అంటారు. ఒక పాత నోటు పుస్తకంలో తేదీ వేసి అది కూడా రాసుకుంటున్నాను. ఫోను లేనివాళ్ళ కోసం మీరూ ఒక పుస్తకం, దారం కట్టిన పెన్నూ పెట్టండి.

ఇక నిర్వహణ. మన స్కానర్ మీద ఇంకొకడు తన స్కానర్ అంటించిపోయే మోసాలు జరుగుతున్నాయి. సోమవారం పొద్దున్నే, గిరాకీ మొదలవకముందు, గోడ మీది కాయితాన్ని తడిగుడ్డతో తుడవండి, అంచులు గోటితో గీకి పైన ఇంకో పొర ఉందేమో చూడండి. తరవాత మీ ఫోనుతో ఒకసారి స్కాన్ చేయండి. మీ హోటలు పేరే రావాలి.