వంగని ఫ్యాను

గజపతినగరం వాడికి సముద్రంతో ఉన్న చుట్టరికమల్లా చంపావతి ఒక్కటే. మా ఊరి పక్కనుంచి పోయి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ పాటి చుట్టరికానికే చింతపల్లిలో ఒక ఫైబరు పడవలో వాటా కొన్నాను. కొన్నవాణ్ణి ఊరుకోవచ్చు కదా, ఇంజను కింద తిరిగే ఫ్యాను మీద పడ్డాను.

అది అల్యూమినియంది. అంచులు కొరుక్కుపోయి, ఒక రెక్క మెలి తిరిగి ఉంది. చూడగానే చిన్నతనంగా అనిపించింది. స్టీలు ఫ్యాను గురించి చదివాను: రెక్క పల్చగా చెయ్యొచ్చు, నీటి ఒత్తిడికి వంగదు, ఇసుక రాపిడికి తొందరగా అరగదు. అన్నీ నిజాలే. ధర కొన్ని రెట్లు ఎక్కువ. అదీ నాకు గొప్పగానే తోచింది.

“ఇది ఒంగడానికే ఉన్నాది బాబూ,” అన్నాడు పడవ నడిపే పెద్దాయన. “ఒంగితే సాపు సేసుకుంటాం. నువ్వు తెచ్చింది ఒంగదు. మరేటి ఒంగుతాది?”

జవాబు చెప్పలేదు. స్టీలు గట్టితనం మీద ఉపన్యాసం ఇచ్చాను, పుట్టింది మొదలు వేటకెళ్తున్న మనిషికి.

చింతపల్లిలో 1847లోనే దీపస్తంభం కట్టారు, అక్కడి సముద్రంలో రాళ్లున్నాయి జాగ్రత్తని ఓడలకు చెప్పడానికి. వాటా కొన్నరోజు దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగాను.

రాయి తగిలింది. ఒడ్డుకు తెచ్చి చూస్తే ఫ్యాను మీద చిన్న గీత, అంతే. చూశారా అని అందరికీ తిప్పి తిప్పి చూపించాను. ఆ దెబ్బంతా ఎక్కడికి పోయిందన్న అనుమానమే రాలేదు. లోపలి రబ్బరు బుష్ జారి కొంత ఓర్చుకుంది. మిగిలింది ఇరుసుకు చేరింది. ఇరుసు కంటికి ఆననంత వంగి, తిరిగినప్పుడల్లా ఊగి, సీలును తినేసింది. ఉప్పునీరు గేర్లలోకి దూరింది. మెకానిక్ బోల్టు విప్పితే గేరు ఆయిలు పాలలా తెల్లగా కారింది.

అప్పుడైనా నోరు మూసుకోవాలి. మరబోట్లకు కంచు ఫ్యాన్లుంటాయి కదా, అది వేద్దామా అన్నాను. ఇంజను కాలు అల్యూమినియంది, ఉప్పునీళ్లలో దాని పక్కన కంచు పెడితే కాలే ముందు తినేసుకుపోతుందని మెకానిక్ చెప్పాడు. స్టీలుకూ ఆ గుణం ఉందట. జింకు ముక్క బిగించేది అందుకేనట.

గేర్ల ఖర్చు నా వాటాలో కోసుకున్నారు. పాత ఫ్యాను సాపు చేసి మళ్లీ బిగించారు. స్టీలుది అమ్మకానికి పెట్టాను. ఎందుకు తీసేశారని అడిగినవాళ్లకు, చూడండి, ఒక్క సొట్ట కూడా లేదు అంటున్నాను.