పెద్ద నల్లంచి ఆత్మకథ

ఇక్కడ తన కథ చెప్పుకుంటున్నది పెద్ద నల్లంచి, అందులోనూ మగపక్షి. పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. తల, గొంతు, వీపు నీలి మెరుపుతో నల్లగా, పొట్ట తెల్లగా ఉంటాయి. రెక్క మీద పొడవాటి తెల్ల పట్టీ, నల్లతోకకు రెండంచులా తెల్ల ఈకలు. ఆడపక్షికి నలుపు ఉండాల్సిన చోట బూడిదరంగు ఉంటుంది.

ఈ పక్షి బతుకు పాత గోడ కన్నంలో నాలుగైదు గుడ్లలో ఒకటిగా మొదలైంది. పొదిగింది తల్లి ఒక్కతే. గూడు వదిలిన కొత్తలో తల మీదా వీపు మీదా గోధుమరంగు పొడలే. నలుపు తర్వాత వచ్చింది, దానితోపాటే పాటా వచ్చింది. వేసవిలో తెల్లవారకముందే ఎత్తయిన కొమ్మెక్కి, తోక నిక్కించి, మధ్యమధ్య ఇతర పక్షుల కూతలు కలిపి పాడుతుంది. ఈ జాతిని ఆనవాలు పట్టడానికి రంగు కన్నా ఆ తోక, ఆ గొంతు నమ్మకమైన గుర్తులు.

రంగునే నమ్ముకుంటే పొరపాటు తప్పదు. మగ నల్లంచికి భుజం మీద తెల్ల మచ్చ ఉన్నా పొట్ట నలుపే, తోక కింద ఇటుకరంగు. పొదల మీద వాలే మగ బుష్‌చాట్ ఇంకా చిన్నది. దానికి నడుము మీద తెలుపు ఉంటుంది కానీ తోకంతా నలుపే. నీటి ఒడ్డున తోకాడిస్తూ నడిచే పెద్ద వాగ్‌టెయిల్‌కు కంటిపైన తెల్లటి గీత ఉంటుంది. పెద్ద నల్లంచికి అది లేదు.

శాస్త్రజ్ఞులకూ ఈ పక్షి చోటు అంత సులువుగా తేలలేదు. 1758లో లిన్నేయస్ దీన్ని మైనాల ప్రజాతిలో చేర్చి గ్రాకులా సౌలారిస్ అన్నాడు. అప్పటికి చేతికందిన ఆధారాలు రూపురేఖలే కనుక అతణ్ని తప్పుపట్టడం న్యాయం కాదు. 1827లో వాగ్లర్ కాప్సైకస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచాడు. ఆ తర్వాత చాలాకాలం దీన్ని థ్రష్‌ల కుటుంబంలోనే లెక్కించారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాకే ఇది ఈగపట్టు పిట్టల కుటుంబమైన మస్సికాపిడేకు చెందినదని తేలింది. బంగ్లాదేశ్‌కు ఇదే జాతీయ పక్షి. అక్కడ దోయెల్ అంటారు. సీషెల్స్ దీవుల్లో కొద్ది సంఖ్యలో మిగిలిన నలుపు తెలుపు బంధువు వేరే జాతి. విడిగా సాక్సికోలాయిడిస్ ప్రజాతిలో ఉంటూ వచ్చిన నల్లంచిని కూడా ఇప్పుడు కాప్సైకస్‌లోనే కలిపారు.